భర్త పేరు మీద పక్క రాష్ట్రంలో ఫ్లాట్, వీలునామా లేదు: భార్యకు ఎంత వస్తుంది? ఏ ఆఫీసులో ఏం చేయాలి?

ఈరోజు టాపిక్ వినడానికి కొంచెం కష్టంగానే ఉంటుంది. కానీ ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్ళకే ఇది ఎక్కువ అవసరం. ఎందుకంటే మనలో చాలామంది ఒక ఊళ్ళో పుడతాం, ఇంకో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తాం, అక్కడే లోన్ పెట్టి ఫ్లాట్ కొంటాం. వీలునామా సంగతి మాత్రం ఎవరూ ఆలోచించం. "మనకెందుకు, అది ముసలివాళ్ళ పని కదా" అనుకుంటాం.

సరే, ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఇది ఊహించిన కుటుంబం, లెక్క అర్థం కావడానికి మాత్రమే. అబ్బాయిది గుంటూరు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తన జీతంతో, తన ఒక్కడి పేరు మీద అక్కడ ఫ్లాట్ కొన్నాడు. 38 ఏళ్ళకే చనిపోయాడు. వీలునామా లేదు. భార్య ఉంది, ఆరేళ్ళ బాబు ఉన్నాడు. గుంటూరులో అమ్మానాన్న ఉన్నారు, ఒక తమ్ముడు, ఒక చెల్లెలు ఉన్నారు. ఇప్పుడు ఆ ఫ్లాట్ ఎవరిది?

"భార్యదే కదా, ఇందులో అడగడానికి ఏముంది" అంటారు కొందరు. "కొడుకు ఉన్నాడు కాబట్టి కొడుకుదే" అంటారు ఇంకొందరు. రెండూ తప్పే.

ముందు వాటాల లెక్క

ఆ కుటుంబం హిందువులు అనుకుందాం. వాళ్ళకి వర్తించేది హిందూ వారసత్వ చట్టం, 1956. ఇందులో 8వ సెక్షన్, 10వ సెక్షన్ ముఖ్యం. మగవాళ్ళు వీలునామా లేకుండా చనిపోతే, వాళ్ళ సొంత సంపాదన ముందుగా క్లాస్ వన్ వారసులకి వెళ్తుంది. అందులో ముఖ్యమైన వాళ్ళు భార్య, కొడుకులు, కూతుళ్ళు, ఇంకా కన్నతల్లి. అందరికీ సమానంగా తలా ఒక వాటా.

ఇక్కడ గమనించండి, తల్లి ఉంది, తండ్రి లేడు. తండ్రి క్లాస్ టూలో ఉంటాడు. క్లాస్ వన్‌లో ఒక్కరున్నా క్లాస్ టూ వరకు రాదు.

అంటే మన ఉదాహరణలో భార్యకి మూడో వంతు, బాబుకి మూడో వంతు, అత్తగారికి మూడో వంతు. మామగారికి, మరిదికి, ఆడపడుచుకి ప్రస్తుతానికి ఏమీ లేదు. "ప్రస్తుతానికి" అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

ఇది స్వార్జితం గురించి. అదే ఆస్తి తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే ముందు అందులో అతని వాటా ఎంతో తేల్చాలి, ఆ తర్వాతే ఈ లెక్క. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి కూడా కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణతోనే, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకి ఈ హక్కు వచ్చింది. దేశం మొత్తానికి 2005లో వచ్చింది. కాబట్టి "ఆడపడుచుకి కట్నం ఇచ్చేశాం, ఆమెకేం సంబంధం" అనే మాట అక్కడ చెల్లదు.

ఇంకో డౌట్ ఉంటుంది. "భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటే వాటా పోతుందా?" పోదు. భర్త చనిపోయిన క్షణానే ఆమె వాటా ఆమెకి వచ్చేసింది. 14వ సెక్షన్ ప్రకారం అది ఆమె పూర్తి సొంతం. తర్వాత ఆమె జీవితం ఆమె ఇష్టం.

మరి పక్క రాష్ట్రం కదా, చట్టం మారదా?

ఎక్కువమందికి కన్ఫ్యూజన్ వచ్చేది ఇక్కడే. హిందూ వారసత్వ చట్టం కేంద్ర చట్టం. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, ఎక్కడ ఫ్లాట్ ఉన్నా వాటాల లెక్క అదే. సరిహద్దు దాటితే మారేది వాటా కాదు, ఆఫీసు. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్, కోర్టు, ఇవన్నీ ఆస్తి ఉన్న చోటికి చెందినవి.

దీన్ని ఒక్క మాటలో ఇలా పెట్టుకోండి: "వాటా చట్టం ఇస్తుంది, కాగితం మాత్రం ఆస్తి ఉన్న ఊరు ఇస్తుంది."

మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి. గోవాలో పోర్చుగీసు కాలం నుంచి వచ్చిన సివిల్ చట్టం ఉంది, అక్కడి లెక్క వేరు. ఉత్తరప్రదేశ్ లాంటి చోట వ్యవసాయ భూమికి ఆ రాష్ట్ర రెవెన్యూ చట్టంలో వారసుల వరుస వేరుగా ఉంటుంది. అలాంటి చోట ఆస్తి ఉంటే అక్కడి లాయర్‌ని అడగకుండా అడుగు వేయకండి.

మన తెలుగువాళ్ళకి ఇంకో విచిత్రమైన పరిస్థితి ఉంది. విజయవాడ ఆయన 2010లో మియాపూర్‌లో ఫ్లాట్ కొన్నారనుకోండి. అప్పుడది సొంత రాష్ట్రమే. 2014 జూన్ 2 తెల్లారేసరికి అది పక్క రాష్ట్రం ఆస్తి అయిపోయింది. ఆయన ఎక్కడికీ కదల్లేదు, సరిహద్దే మధ్యలోకి వచ్చింది. ఇలాంటి కుటుంబాలు మన చుట్టూ ఎన్నో. వాళ్ళకీ ఇదే పద్ధతి.

మొదటి నెలలో చేయాల్సిన పనులు

ఒకటి, డెత్ సర్టిఫికెట్. మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదు చేయాలి. సొంతూరు గుంటూరు అయినా బెంగళూరు ఆసుపత్రిలో చనిపోతే సర్టిఫికెట్ కర్ణాటక నుంచే వస్తుంది. 21 రోజుల్లోపు నమోదైతే ఫీజు ఉండదు. ఆలస్యమయ్యే కొద్దీ లేట్ ఫీజు, అఫిడవిట్లు, పై అధికారుల అనుమతులు అంటూ పెరుగుతాయి. పేరు స్పెల్లింగ్ సేల్ డీడ్‌లో ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉండేలా చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే, తర్వాత "ఈ ఇద్దరూ ఒక్కరే" అని నిరూపించుకోవడానికి తిరగాలి. కాపీలు కనీసం పది తీసుకోండి.

రెండు, వారసుల సర్టిఫికెట్. మన దగ్గర దీన్ని ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అంటారు. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో సచివాలయంలో లేదా మీసేవలో అప్లై చేస్తే తహసీల్దార్ విచారణ చేసి ఇస్తారు. కర్ణాటకలో "వంశవృక్ష" అంటారు, నాడకచేరిలో ఇస్తారు. తమిళనాడులో లీగల్ హెయిర్ సర్టిఫికెట్ అంటారు. ఆయన నివాసం ఎక్కడ ఉందో అక్కడ అప్లై చేయడం మామూలు పద్ధతి. మన తెలుగు సర్టిఫికెట్‌ని పక్క రాష్ట్రం ఆఫీసులో ఇవ్వాలంటే ఇంగ్లీషు అనువాదం చేయించి నోటరీ పెట్టించుకుని వెళ్ళండి, ఒక ట్రిప్ మిగులుతుంది.

ఒక హెచ్చరిక. ఈ సర్టిఫికెట్‌లో అత్తగారి పేరు వదిలేయమని కొందరు సలహా ఇస్తారు. అస్సలు చేయొద్దు. తర్వాత ఒక్క అభ్యంతరం వస్తే ఆ సర్టిఫికెట్ రద్దవుతుంది, తప్పుడు ప్రకటన ఇచ్చినందుకు కేసు కూడా పడొచ్చు.

మూడు, ఈసీ. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. కర్ణాటక అయితే కావేరి పోర్టల్‌లో, ఆంధ్ర, తెలంగాణ అయితే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లలో దొరుకుతుంది. ఆస్తి మీద మీకు తెలియని అప్పు ఏదైనా రిజిస్టర్ అయి ఉందా అన్నది ఇందులో చూసుకోవాలి. ఒరిజినల్ సేల్ డీడ్ కనబడకపోతే కంగారు పడకండి. లోన్ ఉంటే అది బ్యాంకులో ఉంటుంది. లేదంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు.

నాలుగు, ఇది కాగితం కాదు, జాగ్రత్త. పెద్దకర్మ అయ్యేలోపు ఎవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఖాళీ స్టాంప్ పేపర్ మీద అసలు పెట్టకండి. ఇది కోడలికీ చెప్తున్నా, అత్తగారికీ చెప్తున్నా. ఆ దుఃఖంలో ఏం రాశారో చదివే స్థితిలో ఎవరూ ఉండరు. తర్వాత "ఒత్తిడి పెట్టి తీసుకున్నారు" అని కోర్టులో నిరూపించడం సంవత్సరాల పని.

సక్సెషన్ సర్టిఫికెట్ అంటే ఫ్లాట్ కాగితం కాదు

"కోర్టులో సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఫ్లాట్ మీ పేరు మీదకి వచ్చేస్తుంది" అని చెప్పి డబ్బులు తీసుకునే ఏజెంట్లు ఉన్నారు. నమ్మకండి. భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం సక్సెషన్ సర్టిఫికెట్ అనేది అప్పులకి, సెక్యూరిటీలకి. అంటే బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, ఆయనకి రావాల్సిన బాకీలు, ఇలాంటివి. ఇల్లు, స్థలం, పొలం ఇందులోకి రావు.

కానీ దీంతో ఒక మంచి విషయం ఉంది. ఆయన మామూలుగా ఎక్కడ నివాసం ఉండేవారో ఆ జిల్లా కోర్టులో ఒకసారి తీసుకుంటే, అది దేశమంతా చెల్లుతుంది. గుంటూరులో తీసుకున్న సర్టిఫికెట్‌ని బెంగళూరు బ్యాంకు కూడా ఒప్పుకోవాలి.

నామినీ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఫారంలోనో, బ్యాంకు ఖాతాలోనో మీ పేరు నామినీగా ఉందంటే మీరు ఓనర్ అయిపోయినట్టు కాదు. నామినీ అంటే డబ్బు అందుకుని అసలు వారసులకి అప్పగించే మనిషి. 1984లోనే సుప్రీంకోర్టు ఇన్సూరెన్స్ కేసులో ఈ మాట చెప్పింది. షేర్ల విషయంలో 2023 డిసెంబర్‌లో మళ్ళీ చెప్పింది. లైఫ్ ఇన్సూరెన్స్‌లో మాత్రం 2015 సవరణ తర్వాత కొంచెం మారింది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీగా ఉంటే ఆ డబ్బు వాళ్ళదే.

ఫ్లాట్‌ని పేరు మార్చుకోవడం ఎలా?

వారసత్వం వచ్చిందంటే హక్కు వచ్చేసినట్టే. హిందువులు, ముస్లింలు, భారతీయ క్రైస్తవులు వీలునామా లేని ఆస్తి కోసం కోర్టు నుంచి ప్రత్యేకంగా అడ్మినిస్ట్రేషన్ పత్రాలు తెచ్చుకోవడం తప్పనిసరి కాదు. ఇక మిగిలింది రికార్డుల్లో పేరు ఎక్కించుకోవడం. మూడు దారులు ఉన్నాయి.

మొదటి దారి, అందరి పేర్ల మీదా ఉంచేయడం. డెత్ సర్టిఫికెట్, వారసుల సర్టిఫికెట్, సేల్ డీడ్ కాపీ పెట్టి స్థానిక సంస్థలో మ్యుటేషన్‌కి అప్లై చేస్తారు. బెంగళూరులో దీన్ని ఖాతా అంటారు, ఇప్పుడు ఈ-ఖాతా. ముగ్గురి పేర్లూ ఎక్కుతాయి. ఖర్చు తక్కువ. కానీ అమ్మాలన్నా, లోన్ పెట్టాలన్నా ముగ్గురూ కావాలి.

రెండో దారి, రిలీజ్ డీడ్. అంటే అత్తగారు తన మూడో వంతు హక్కుని కోడలికో, మనవడికో వదులుకుంటూ రాసివ్వడం. ఇది రిజిస్టర్ అవ్వాల్సిందే. "నాకేమీ వద్దమ్మా" అని నోటితో అన్నా, నోటరీ కాగితం మీద రాసిచ్చినా చెల్లదు. రిజిస్ట్రేషన్ చట్టం, 1908లో 28వ సెక్షన్ ప్రకారం ఆస్తి ఎక్కడ ఉందో అక్కడి సబ్ రిజిస్ట్రార్ దగ్గరే జరగాలి. స్టాంప్ డ్యూటీ కూడా ఆ రాష్ట్రం రేటే. గుంటూరులో కొన్న స్టాంప్ పేపర్ మీద రాసుకుని బెంగళూరు వెళ్తే తిప్పి పంపిస్తారు.

మూడో దారి, అందరూ కలిసి అమ్మేసి డబ్బు పంచుకోవడం. వాటా కొనుక్కోవడం కూడా ఇందులోకే వస్తుంది. కోడలు అత్తగారికి ఆ వాటా విలువ ఇచ్చి హక్కు తీసుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అత్తగారి వాటా అంటే అడ్డంకి కాదు. ఆమె కొడుకుని పోగొట్టుకుంది. చాలా ఇళ్ళల్లో ముసలితనంలో ఆమెకి అదొక్కటే ఆధారం. వదులుకుంటే అది ఆమె ఇష్టం, ఉంచుకుంటే అది ఆమె హక్కు. అలాగే "నువ్వు చిన్నదానివి, రేపు వెళ్ళిపోతావు" అని కోడలి చేత సంతకం పెట్టించుకోవడమూ అన్యాయమే. చట్టం ఇద్దరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టింది.

బెంగళూరు వెళ్ళకుండా సంతకం ఎలా?

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ప్రయాణం చేయలేరు. అప్పుడు స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉపయోగపడుతుంది. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, ఆమె నివసించే ప్రాంతం సబ్ రిజిస్ట్రార్ ముందే, అంటే గుంటూరులోనే, పవర్ రాసి ధృవీకరణ చేయించుకోవచ్చు. అసలు ఆఫీసుకే రాలేని స్థితి అయితే అధికారి ఇంటికి వచ్చే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. ఆ పవర్ పట్టుకుని నమ్మకమైన మనిషి బెంగళూరులో పని పూర్తి చేస్తారు.

"జనరల్" పవర్ ఇవ్వకండి. ఏ ఫ్లాట్, ఏ పని, ఎవరి పేరు మీద రిలీజ్, అంతవరకే రాయండి. ఇంకో విషయం, పవర్ ఇచ్చిన మనిషి చనిపోతే ఆ పవర్ కూడా సాధారణంగా అక్కడితో ముగిసిపోతుంది. కాబట్టి తీసుకుని బీరువాలో దాచుకుంటే లాభం లేదు.

వారసుల్లో ఒకరు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటే? అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో లేదా నోటరీ ముందు పవర్ మీద సంతకం చేసి పంపవచ్చు. ఇండియాకి చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించాలి. ఈ 3 నెలల గడువు చాలామంది మిస్ అవుతుంటారు.

బాబు వాటా: అమ్మ కూడా అమ్మలేదు

ఫ్లాట్ అమ్మేసి గుంటూరు వచ్చేద్దాం అనుకుంది ఆమె. అత్తగారు కూడా ఒప్పుకున్నారు. అయినా అమ్మలేరు. ఎందుకంటే మూడో వంతు బాబుది, బాబు మైనర్.

తండ్రి లేనప్పుడు తల్లే సహజ గార్డియన్. కానీ హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం, 1956లో 8వ సెక్షన్ ఏం చెప్తుందంటే, మైనర్ స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, గిఫ్ట్ ఇవ్వకూడదు. అనుమతి ఇచ్చేది ఆస్తి ఉన్న చోటి కోర్టు. అంటే మళ్ళీ బెంగళూరే. అమ్మకం అవసరమని గానీ, పిల్లాడికి స్పష్టంగా లాభమని గానీ కోర్టుకి నమ్మకం కలగాలి. స్కూల్ ఫీజులు, కట్టలేని ఈఎంఐలు, ఇలాంటి కారణాలు కాగితాలతో చూపించాలి. సాధారణంగా బాబు వాటా డబ్బుని వాడి పేరు మీద డిపాజిట్ చేయమంటారు.

అనుమతి లేకుండా అమ్మేస్తే ఏమవుతుంది? బాబుకి 18 నిండాక 3 ఏళ్ళలోపు, అంటే 21 వచ్చేలోపు, ఆ అమ్మకాన్ని రద్దు చేయమని కేసు వేయొచ్చు. అందుకే కొనేవాళ్ళ బ్యాంకు ఈ కోర్టు ఆర్డర్ లేకుండా లోన్ ఇవ్వదు.

లోన్ మొత్తం ఆమెది, ఇల్లు మూడో వంతు!

భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే, ఎక్కువ లోన్ రావడానికి భార్యని కో-అప్లికెంట్‌గా పెడతారు. కానీ సేల్ డీడ్‌లో పేరు భర్తది ఒక్కడిదే ఉంటుంది. ఇప్పుడు ఏమైంది? బ్యాంకు దృష్టిలో మిగిలిన లోన్ మొత్తం ఆమె కట్టాలి. ఇంటి దృష్టిలో ఆమె వాటా మూడో వంతే. కో-అప్లికెంట్ వేరు, కో-ఓనర్ వేరు.

ఆమె లోన్‌లో పేరు లేని వారసురాలు మాత్రమే అయితే, తనకి వచ్చిన ఆస్తి విలువ మేరకే ఆ అప్పుకి బాధ్యత. కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టింది కాబట్టి ఆ రక్షణ ఆమెకి లేదు. అందుకే ముందు లోన్‌కి ఇన్సూరెన్స్ తీసుకున్నారా అని బ్యాంకుని రాతపూర్వకంగా అడగండి. తర్వాత కట్టే ప్రతి ఈఎంఐ తన ఖాతా నుంచే వెళ్ళేలా చూసుకోండి. రేపు వాటాలు తేల్చుకునేటప్పుడు ఎవరెంత కట్టారో చూపించడానికి అదే సాక్ష్యం.

ఇద్దరి పేర్ల మీదా సేల్ డీడ్ ఉంటే? ఒకరు పోతే రెండోవాళ్ళకి మొత్తం ఆటోమేటిక్‌గా వచ్చేస్తుంది అనుకుంటారు. అలా రాదు. చెరి సగం అనుకుంటే, ఆమె సగం ఆమెదే. ఆయన సగం మాత్రమే ముగ్గురికీ పంచాలి. అప్పుడు ఆమెకి మొత్తం మీద ఆరింట నాలుగు వంతులు వస్తాయి.

వాయిదా వేస్తే ఏమవుతుంది?

ఇందాక "ప్రస్తుతానికి" అన్నాను కదా. మన వాళ్ళు చేసే పెద్ద తప్పు ఏంటంటే, "ఇప్పుడే ఎందుకు, సంవత్సరీకం అవ్వనీ, పిల్లాడు పెద్దవ్వనీ" అని వదిలేయడం. ఆరేళ్ళు గడిచాయి. అత్తగారు కాలం చేశారు. ఆమె కూడా వీలునామా రాయలేదు.

అత్తగారి మూడో వంతు ఇప్పుడు ఆమె వారసులకి వెళ్తుంది. ఆడవాళ్ళ ఆస్తికి 15వ సెక్షన్. ఆమె భర్త, అంటే మామగారు, ఇంకో కొడుకు, కూతురు, చనిపోయిన కొడుకు స్థానంలో మనవడు. నలుగురు. తలా పన్నెండో వంతు.

ఇప్పుడు లెక్క చూడండి. పన్నెండు వాటాల్లో కోడలికి 4, బాబుకి 5, మామగారికి 1, మరిదికి 1, ఆడపడుచుకి 1. మొదటి రోజు ముగ్గురితో అయిపోయే పనికి ఇప్పుడు ఐదుగురు కావాలి. మొదట ఏ వాటా లేని ముగ్గురు ఇప్పుడు ఓనర్లు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. ఒకరు విదేశంలో ఉండొచ్చు, ఒకరికి అప్పులు ఉండొచ్చు, ఒకరితో మాటలు లేకపోవచ్చు. ఒక్కొక్క మరణంతో ఆస్తి చిన్న చిన్న ముక్కలవుతుంది, ఇల్లు మాత్రం ఒక్కటే ఉంటుంది. అందరూ బతికుండగా, మాట్లాడుకునే స్థితిలో ఉండగా తేల్చుకోవడమే తెలివైన పని.

పొలం అయితే?

పొలానికి రెవెన్యూ రికార్డు ముఖ్యం. తెలంగాణ పల్లెల్లో చనిపోయినవాళ్ళ పేరు నుంచి వారసుల పేరుకి మార్చడాన్ని ఫౌతీ అంటారు, విరాసత్ అని కూడా అంటారు. కర్ణాటకలో కూడా దాన్ని పౌతి ఖాతె అనే అంటారు. తెలంగాణలో 2020 నుంచి ధరణి ఉండేది, 2025లో దాని స్థానంలో భూ భారతి వచ్చింది. ఆంధ్రలో అడంగల్, 1-బి మీభూమిలో చూసుకోవచ్చు. ఖమ్మంలో పొలం, కాపురం విజయవాడలో అయినా, అప్లికేషన్ వెళ్ళేది ఖమ్మం జిల్లాలో ఆ మండలం తహసీల్దార్‌కే.

ఒకటి గుర్తుంచుకోండి. మ్యుటేషన్ అంటే పన్ను ఎవరు కట్టాలి, రికార్డులో ఎవరి పేరుండాలి అన్నంతవరకే. అది హక్కుని పుట్టించదు, హక్కుని చంపదు. మరిది తన పేరు ఒక్కటే ఎక్కించుకున్నా మీ వాటా పోదు. కానీ తెలిసిన వెంటనే అభ్యంతరం పెట్టండి, ఊరుకోకండి.

గొడవ అయితే ఏ కోర్టు?

స్థిరాస్తి కేసు ఆస్తి ఉన్న చోటే వేయాలి. కానీ గుంటూరులో ఇల్లు, బెంగళూరులో ఫ్లాట్ రెండూ ఒకే వివాదంలో ఉంటే రెండు కేసులు అక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ సెక్షన్ ప్రకారం, ఏదో ఒక ఆస్తి ఉన్న చోటి కోర్టులో రెండింటికీ కలిపి పార్టిషన్ కేసు వేయొచ్చు. చిన్న పిల్లాడితో బెంగళూరు తిరగలేని తల్లికి ఇది పెద్ద ఊరట.

చనిపోయింది భార్య అయితే?

ఆమె సొంత సంపాదనతో కొన్న ఫ్లాట్ అయితే భర్తకి, పిల్లలకి సమానంగా వెళ్తుంది. ఇక్కడ ఆమె తల్లి ఆ వరుసలో లేదు. పిల్లలు లేకపోతే మొత్తం భర్తకే.

కానీ ఆమె పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి, పిల్లలు లేరు అనుకోండి. చెన్నైలో వాళ్ళ నాన్న పోయాక వాటాగా వచ్చిన స్థలం. అది భర్తకి రాదు, ఆమె తండ్రి వారసులకి తిరిగి వెళ్తుంది. నాన్న బతికుండగా గిఫ్ట్ డీడ్ రాసిచ్చింది అయితే లెక్క వేరు. అందుకే అది ఎలా వచ్చిందో ముందు కాగితం చూడాలి.

క్రైస్తవులకి భారత వారసత్వ చట్టం. పిల్లలుంటే భార్యకి మూడో వంతు, పిల్లలకి మూడింట రెండు వంతులు, తల్లికి వాటా లేదు. ముస్లిం కుటుంబాల్లో షరియత్ ప్రకారం పిల్లలుంటే భార్యకి ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్ళి చేసుకున్న ఇద్దరూ హిందువులైతే హిందూ చట్టమే. మతాలు వేరైతే భారత వారసత్వ చట్టం వస్తుంది.

మరి ఇదంతా రాకుండా ఉండాలంటే?

వీలునామా రాయండి. స్టాంప్ పేపర్ అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. మీ సంతకం, అది చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. ఆస్తి ఎవరికి ఇస్తున్నారో వాళ్ళని సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయిస్తే మంచిది. దీనికి మాత్రం ఆస్తి ఉన్న రాష్ట్రానికి వెళ్ళక్కర్లేదు. బెంగళూరు ఫ్లాట్ గురించి రాసిన వీలునామాని గుంటూరులోనే రిజిస్టర్ చేయించుకోవచ్చు. మనసు మారితే ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. అమ్మకి ఇంత, భార్యకి ఇంత అని మీరే రాస్తే, మీరు లేనప్పుడు ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఎదురెదురుగా నిలబడాల్సిన పని ఉండదు.

ఇవాళ రాత్రి ఒక్క పని చేయండి. మీ సేల్ డీడ్ తీసి ఎవరి పేరుందో చూడండి, లోన్ కాగితంలో ఎవరి పేరుందో చూడండి. రెండూ ఒకటి కాకపోతే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఇది అవగాహన కోసం చెప్పిన ఎపిసోడ్, మీ కేసుకి సంతకం పెట్టేముందు ఆస్తి ఉన్న ఊళ్ళో ఒక లాయర్‌కి కాగితాలు చూపించండి. బయట రాష్ట్రంలో ఇల్లు కొన్న మీ ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్ళకి ఈ ఎపిసోడ్ పంపించండి.